గోడలకు చెవుడు

ఇల్లు కొనాలా వద్దా అని అడిగితే సలహా చెప్పనివాడు కాకినాడలో ఇంకా పుట్టలేదు. కాత్యాయని ఎవరినీ అడగలేదు, అయినా చెప్పారు. పాలు పోసేవాడు చెప్పాడు, కూరల బండి దగ్గర ఎవరో ముక్కూమొహం తెలియని ఆవిడ చెప్పింది, భర్త ముకుందరావు పనిచేసే హైస్కూల్లో స్టాఫ్ రూమంతా చెప్పింది. "రేట్లు ఇంకా పడతాయి, ఆగండి" అని సగంమంది. "ఇంతకంటే పడవు, వెంటనే కొనెయ్యండి" అని మిగతా సగం. ఈ రెండు సగాల్లోనూ ఈమధ్య ఇల్లు కొన్నవాడు ఒక్కడంటే ఒక్కడు లేడు, అదీ వరస!

కాత్యాయనికి మాత్రం ఏ సందేహమూ లేదు. పెళ్ళయినప్పటినుంచీ అద్దె కొంపలే. ఒక ఓనరు కొడుక్కి పెళ్ళి కుదిరిందని ఖాళీ చెయ్యమన్నాడు. ఇంకొకాయన గోడకి మేకు కొట్టారని చెయ్యమన్నాడు. ఇప్పుడున్న ఇంటాయన ఆ మాత్రం కారణమైనా చెప్పలేదు, దసరా లోపల వెళ్ళిపోవాలన్నాడు. కూతురు లేఖ్య తొమ్మిదో తరగతి. పుస్తకాలు అట్టపెట్టెల్లోంచి బయటికి తీయడమే మానేసింది. "ఎలాగూ మళ్ళీ సర్దాలిగా అమ్మా" అంది, ఏమంత బాధ కూడా లేకుండా. ఆ బాధ లేకపోవడమే కాత్యాయనికి ఎక్కువ బాధయింది. ఈసారి అద్దెకు కాదు, కొనే తీరాలి అనుకుంది.

కొనాలనుకున్నది ఎక్కడంటారా, జీవశిల కాలనీలో. జనం సామాన్లు లారీల్లోకి ఎక్కించుకుని పారిపోతున్న చోటికి ఈవిడ పోతానంటోంది. పైగా ఆ కాలనీ కట్టిన సిమెంటు సంగతి ఈవిడకి తెలిసినంతగా ఊళ్ళో మరొకరికి తెలియదు. జీవశిల పరిశోధనశాలలో పరీక్షల విభాగం చూసేది ఈవిడే.

సముద్రం పక్క ఊళ్ళో ఇల్లు నిలబెట్టడం మాటలు కాదు. ఉప్పుగాలికి లోపలి ఇనుము తుప్పుపడుతుంది, శ్లాబు పెచ్చులూడుతుంది, మనవడి నాటికి మళ్ళీ పునాది తవ్వుకోవాలి. డాక్టర్ చక్రపాణి దీనికి మందు కనిపెట్టాడు. కంటికి కనిపించని జీవాలను నిద్రపుచ్చి సిమెంటులో కలిపాడు. గోడ బీటవారి లోపలికి తడి వెళ్ళగానే అవి లేస్తాయి, సున్నపురాయిలాంటి పదార్థం అల్లి బీటను పూడుస్తాయి, పనైపోగానే మళ్ళీ పడుకుంటాయి. తన గాయం తనే మాన్పుకునే ఇల్లన్నమాట. అమ్మకం మొదలైన రోజుల్లో జనం తెల్లవారుజాము నుంచీ వరసలో నిలబడి కొన్నారు.

ఒక సోమవారం పరిశోధనశాలకి బ్యాంకు అధికారులు వచ్చారు. కాలనీ ఇళ్ళకి అప్పులివ్వడం ఆపేసింది వాళ్ళే. చక్రపాణి బతిమాలి పిలిపించాడు. కాత్యాయని వాళ్ళముందు ఒక దిమ్మె పెట్టి, ఉలితో గీత గీసి, మీద నీళ్ళు చిలకరించింది. దాని పక్కనే క్రితం వారం అలాగే గీసిన దిమ్మె పెట్టింది. పసిపిల్ల మోకాలి గాయం మానినట్టు ఆ గీత తెల్లగా పూడిపోయి ఉంది.

"ఒక్క జీవం లేస్తే చాలదండి," అంది కాత్యాయని. "అది చుట్టుపక్కల వాటిని పిలవాలి. గొంతు లేదు కదా, ఒక రసం వదుల్తుంది. అది పక్కదానికి తగుల్తుంది, పక్కది వదిలిన రసం దీనికి తగుల్తుంది. సరిపడా మంది లేచారని తెలిశాకే పని మొదలెడతాయి. ఒంటరిగా ఏదీ పూనుకోదు."

"అయితే వీటికి చెవులున్నట్టే," అన్నాడు వాళ్ళలో లావుపాటాయన.

"ఉన్నట్టేనండి."

"మరి ఇక్కడింత చక్కగా వింటున్నాయి కదమ్మా, కాలనీలో ఏమొచ్చింది వీటికి?"

చక్రపాణి ఏదో చెప్పాడు, సముద్రం తేమ అనీ, పునాది నేల అనీ. చెబుతున్న ఆయనకే నమ్మకం లేదని గొంతు చెబుతోంది. వాళ్ళు కాఫీ తాగి, ఆలోచిస్తామని వెళ్ళిపోయారు. ఆలోచిస్తామంటే ఇవ్వమని అర్థం. అంతమాత్రం తెలుగు అందరికీ వచ్చు.

ఏమొచ్చిందో నిజంగానే ఎవరికీ తెలియదు. ఇదే సిమెంటుతో ఉత్తరాదిన కట్టిన కాలనీలు రాయిలా ఉన్నాయి. ఇక్కడ మాత్రం నాలుగైదేళ్ళు తిరిగేసరికి ద్వారాల అడుగున, అదే సిమెంటుతో పోసిన గడపల్లో, సన్నగా బీటలు మొదలై, దారబందాల పక్కనుంచి పైకి పాకి, పైకప్పు దాకా పోతున్నాయి. విచిత్రం ఏమిటంటే, పెళ్ళికాని కుర్రాళ్ళు నలుగురు చేరి అద్దెకున్న ఇళ్ళల్లో బీట అనేది లేదు. ఊడవరు, కడగరు, బట్టలు కుర్చీల మీదే. ఆ ఇళ్ళు మాత్రం నవనవలాడుతున్నాయి! సంసారాల బరువు ఈ ఇళ్ళు మొయ్యలేవని ఒక పుకారు లేచింది. ఆ దెబ్బతో రేట్లు మరీ పాతాళానికి పోయాయి.

కంపెనీ ఇంటింటికీ మనుషుల్ని పంపి ప్రశ్నలు అడిగించింది. "గోడలకి గానీ గుమ్మాలకి గానీ ఏదైనా రసాయనం వాడారా?" అన్నది అందులో ముఖ్యమైన ప్రశ్న. లేదన్నారు అందరూ. అబద్ధం కాదు. ఎవరూ ఏ రసాయనమూ వాడలేదు.

*

ఆదివారంనాడు మొగుడూ పెళ్ళాలు లేఖ్యని కూడా తీసుకుని ఇల్లు చూడ్డానికి వెళ్ళారు. అమ్మేది భ్రమరాంబగారు. జాకెట్లు కుట్టి కుట్టి, మొగుడు పోయాక కూడా మిషను ఆపకుండా సంపాదించి కొనుక్కున్న ఇల్లు. ఆవిడ కుడిచెయ్యి కట్టుతో మెడకి వేలాడుతోంది.

"దేవుడి గది గుమ్మం మీంచి పెచ్చు ఊడి పడిందమ్మా," అంది. "దీపం పెట్టి లేస్తున్నాను, దబ్బున పడింది. ఎముక విరిగింది. మళ్ళీ కత్తెర పట్టగలనో లేదో ఆ డాక్టరే చెప్పలేడు. మా అబ్బాయి పసివాణ్ణి తీసుకుని ఈ గడప తొక్కనంటున్నాడు. మనవడు పాకుతున్నాడంట, ఫోనులో చూస్తున్నాను. నాకెందుకే తల్లీ ఈ ఇల్లు? కొన్నదాంట్లో సగానికి తీసుకోండి, నాకు ఇంకేం వద్దు."

ముకుందరావు మొహం మీద వెలుగొచ్చింది, వెంటనే దాచుకున్నాడు. ఆయన మంచివాడే. పిల్లలచేత పరుగులు తీయించే వ్యాయామం మాస్టారు, జీవితంలో ఎవరినీ అడ్డదారిన ఓడించి ఎరగడు. కానీ సగానికి ఇల్లంటే ఎవరి మొహం వెలగదు చెప్పండి!

కాత్యాయని అలవాటు కొద్దీ గోడలు తడిమి చూస్తోంది. వంటింటి ద్వారం శుభ్రంగా ఉంది. పడకగదుల ద్వారాలు రెండూ శుభ్రం. స్నానాలగది, ఇరవైనాలుగ్గంటలూ తడిలో నానేది, అదీ శుభ్రమే. బీటలున్నవి రెండే చోట్ల, వీధి గుమ్మం దగ్గరా, దేవుడి గది గుమ్మం దగ్గరా.

"ఈ రెంటికే ఎందుకొచ్చిందో," అని గొణుక్కుంది.

"దిష్టమ్మా," అంది భ్రమరాంబగారు. "బీట కనపడ్డ దగ్గర్నుంచీ నేనూ ఊరుకోలేదు. వారానికోసారి చేసేది రోజూ చేస్తున్నా. ఏం లాభం?"

ఏం చేస్తున్నారని కాత్యాయని అడగలేదు. ఆ మాట చెవిన పడింది గానీ లోపలికి వెళ్ళలేదు. లేఖ్య అప్పటికే తూర్పు గదిలో నిలబడి, తన పుస్తకాల అలమర ఏ గోడకి వస్తుందో చేతులు చాచి కొలుస్తోంది. తల్లి కళ్ళు అటు పోయాయి. బయానా పది రోజుల్లో తెస్తామని చెప్పి వచ్చేశారు.

*

శుక్రవారం పొద్దున్నే తలంటుకుని, అద్దె ఇంటి గుమ్మం కడిగి, గిన్నెలో పసుపు కలుపుకుని కూర్చుంది కాత్యాయని. ఇల్లు ఎవరిదైతేనేం, గడప గడపే. చిన్నప్పుడు అమ్మ చేసింది, పెళ్ళయ్యాక అత్తగారు చేసింది, ఇప్పుడు తను చేస్తోంది. ఏ శుక్రవారమూ దీని గురించి ఆలోచించి చేసింది లేదు. చెయ్యి దానంతటదే తడిపసుపు అద్దుకుని గడప ఈ చివర్నుంచి ఆ చివరికి పోతుంది.

సగంలో చెయ్యి ఆగిపోయింది.

వీధి గుమ్మానికి రాస్తాం, దేవుడి గది గుమ్మానికి రాస్తాం. పడకగదికి రాయం, స్నానాలగదికి అసలే రాయం. నలుగురు కుర్రాళ్ళున్న ఇంటికి ఎవరు రాస్తారు? ఆ ఇంట్లో పసుపు డబ్బా కూడా ఉండదు. ఉత్తరాదిన గడపకి పసుపు రాసే అలవాటే తక్కువ.

"ఓరి దేవుడా!" అంది పైకే. రోజూ చేస్తున్నానని ఆ మహాతల్లి చెప్పనే చెప్పింది కదా! బీట పెరిగే కొద్దీ దిష్టి అనుకుంది, దిష్టి పోవాలని ఇంకా రాసింది, రాసిన కొద్దీ బీట ఇంకా పెరిగింది. ఆవిడ ఒక్కతే కాదు, కాలనీ కాలనీ అదే పని చేసి ఉంటుంది. రసాయనం వాడారా అని అడిగితే లేదన్నారు. ఎందుకంటారు? పసుపు రసాయనమని ఏ ఇల్లాలు అనుకుంటుంది? ఆ ప్రశ్న తయారు చేసింది తనే. అడిగించింది తనే. అడిగించిన శుక్రవారం పొద్దున కూడా తన వేళ్ళకి పసుపే ఉంది. సిగ్గుతో ఆమెకి చెవులు వేడెక్కాయి.

ముకుందరావు కాఫీ గ్లాసుతో వచ్చి, గడప సగం పసుపుగా, సగం బోసిగా ఉండటం చూసి కంగారు పడ్డాడు. "ఏమైంది కాత్యా? ఒంట్లో బాగాలేదా?"

"నాకు బానే ఉందండి. గోడలకే చెవుడొచ్చింది," అని లేచి, తడి చీరతోనే చెప్పులు వెతుక్కుంది.

పరిశోధనశాలలో దిమ్మెలు వరసగా పేర్చింది. సగం వాటికి పసుపు కలిపిన నీళ్ళు, ఇళ్ళల్లో రాసినట్టే, వేళ్ళతో రాసింది. మిగతావాటికి ఉత్త నీళ్ళు. అన్నిటికీ ఉలిగీతలు పెట్టింది. ఈ సిమెంటు గుణమే నీళ్ళు తాగడం, అందుకని పసుపు కూడా లోపలికి తాగేసింది. వినాయక చవితి వచ్చి వెళ్ళింది. ఉత్త నీళ్ళ దిమ్మెలు గీతలు పూడ్చుకున్నాయి. పసుపు దిమ్మెలు నోళ్ళు తెరుచుకుని అలాగే ఉన్నాయి. ముక్క తీసి సూక్ష్మదర్శిని కింద పెట్టి చూస్తే, జీవాలు చావలేదు. లేచే ఉన్నాయి. ప్రతిదీ రసం వదుల్తూనే ఉంది. పక్కదాని పిలుపు మాత్రం ఏ ఒక్కదానికీ అందడం లేదు. పక్కపక్కనే ఉండి, ఎవరికి వాళ్ళు ఒంటరిగాళ్ళమనుకుని చేతులు ముడుచుకు కూర్చున్నాయి పాపం.

అప్పుడు పసుపు దిమ్మెల్ని మూడు నాలుగు సార్లు బాగా కడిగి, నీళ్ళల్లో నానేసి, ఆరబెట్టి మళ్ళీ చూసింది. మహాలయ పక్షం మొదలయ్యేసరికి వాటిలో మొదటి తెల్లటి పోగు కనిపించింది. చెవుడు పోతోంది. అంటే భ్రమరాంబగారి ఇల్లు చావబోయే ఇల్లు కాదు. మంచి ఇల్లు. కడిగితే చాలు.

బయానా గడువు దాటిపోయిందని మధ్యలో బ్రోకరు ఫోన్ మీద ఫోన్. ఇంకొన్నాళ్ళాగమని భ్రమరాంబగారికి తనే కబురు చేసింది.

*

చక్రపాణి దిమ్మెలు చూశాడు, లెక్కలు చూశాడు, కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. కళ్ళు కూడా తుడుచుకున్నాడు. ఇరవయ్యేళ్ళ కష్టం. కొంపలు కూల్చే సిమెంటు చేశాడని ఊరంతా తిట్టిన మనిషి.

"నా తప్పు లేదు కదమ్మా?" అన్నాడు.

"మనందరిదీ సార్. అడగాల్సింది అడగలేదు మనం."

ఆయన దిమ్మెలు పక్కకి జరిపి లేచాడు. తర్వాత తలుపు వేసి వచ్చి కూర్చున్నాడు. "ఇది మూడు నెలలపాటు బయటికి పోకూడదు కాత్యాయనిగారూ."

"అదేంటి సార్?"

"కంపెనీ దివాలా అంచున ఉంది. ఎప్పటికైనా మందు దొరక్కపోదని పెట్టుబడి పెట్టినవాళ్ళు ముందే ఒక దారి చెప్పారు. వేరే పేర్ల మీద కాలనీ ఇళ్ళన్నీ ఇప్పటి రేటుకి కొనేస్తున్నారు. కొనడం పూర్తయ్యాక మందు దొరికిందని ప్రకటిస్తాం. రేట్లు లేస్తాయి, కంపెనీ నిలబడుతుంది. ఇక్కడ పనిచేసేవాళ్ళందరి కుటుంబాలూ నిలబడతాయి. నాకూ ఇది ఇష్టమై చెప్పట్లేదమ్మా." కాస్త ఆగి, "మీరేదో ఇల్లు చూసుకున్నారట కదా. దాని జోలికి ఎవరూ రారు. నిశ్చింతగా కొనుక్కోండి," అన్నాడు.

కాత్యాయని సరేననలేదు, కాదనలేదు. బయటికొచ్చేసింది.

ఆశ పుట్టింది ఆమెకి. ఎందుకు పుట్టదు? ఆమేమైనా రాతిబొమ్మా? ఆ సాయంత్రం దుకాణానికి వెళ్ళి తూర్పు గదికి కర్టెన్ల గుడ్డ కూడా బేరం చేసింది. లేత ఆకుపచ్చది. కొలతలు చెప్పండమ్మా అని కొట్టువాడు అడిగితే, కళ్ళముందు కొలతలకి బదులు మెడకి వేలాడే కట్టు కనపడింది. గుడ్డ కౌంటరు మీదే వదిలేసి తిన్నగా హైస్కూలు మైదానానికి వెళ్ళింది. పిల్లలు ఖోఖో ఆడుతున్నారు, ముకుందరావు ఈల పట్టుకుని గీత దగ్గర నిలబడి ఉన్నాడు.

అంతా చెప్పింది. ఆయన విన్నాడు.

"చూడు కాత్యా," అన్నాడు. "ఆవిడ అమ్ముతానంది. మనం ఆవిడ చెప్పిన ధరకే కొంటామన్నాం. పైసా బేరమాడలేదు. ఇందులో పాపం ఎక్కడుంది?"

"ఆవిడ అమ్మేది పాడైపోయిన ఇల్లండి. నేను కొనేది బాగున్న ఇల్లు. ఆ రెండూ ఒకే ఇల్లు ఎలా అవుతాయో చెప్పండి మీరు."

"అది నువ్వు కష్టపడి కనిపెట్టిన సంగతి. కష్టానికి ఫలితం ఉండొద్దా?"

"ఉండాలి. ఆవిడ చెయ్యి విరగ్గొట్టి కాదు."

"మనం విరగ్గొట్టామా?" ఆయన గొంతు లేచింది. ఆటలో పిల్లలు ఇటు చూశారు. ఆయన తగ్గించుకున్నాడు. "నాకు మాత్రం సరదానా? నిన్న ఆ మార్కెట్టు వెనక రెండు గదుల వాటా చూసొచ్చాను. మెట్లు ఎంత నిటారుగా ఉన్నాయంటే బీరువా ఎక్కదు. కిటికీ తీస్తే డ్రైనేజీ. లేఖ్యని అక్కడికి తీసుకెళ్ళి ఇదిగో మన ఇల్లు అని నేనెలా చెప్పను? ఒక్క మూడు నెలలు నువ్వు నోరు మూసుకుంటే, జన్మంతా మనల్ని పొమ్మనేవాడు ఉండడు."

ఆయన కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. కాత్యాయనికి ఆయన మీద కోపం రాలేదు. ఆయన అన్న ప్రతి మాటా పొద్దుటినుంచీ తన మనసు తనకి చెవిలో ఇల్లు కట్టుకుని పోరుతున్నదే.

"ఆ ఇంట్లో నాకు నిద్ర పట్టదండి," అంది నెమ్మదిగా. "అద్దె ఇంట్లో పడుతుంది. రేపు వెళ్ళి చెప్పేస్తాను. మీరు రాకపోయినా ఏమనుకోను."

ముకుందరావు మైదానం వైపు తిరిగాడు. ఈల నోట్లో పెట్టుకుని గట్టిగా ఊదాడు. ఆట ఇంకా అవ్వలేదు, అయినా ఊదాడు.

మర్నాడు బయల్దేరేముందు ఆమె చక్రపాణికి ఫోను చేసింది. "నేను కాలనీకి వెళ్తున్నాను సార్. మీరే ముందు ప్రకటిస్తే ఆ మర్యాద మీకు దక్కుతుంది. మీ సిమెంటు మంచిదని చెప్పడానికి నేను పెద్ద సాక్షిని, ఎక్కడికి రమ్మన్నా వస్తాను."

"ఆ కాలనీ గేటు దాటితే ఉద్యోగం మర్చిపోండి," అన్నాడాయన. ఆ మాట అనలేక అన్నట్టుంది గొంతు.

"అలాగే సార్," అని పెట్టేసింది. చీర కుచ్చెళ్ళు సర్దుకుని కిందికి దిగేసరికి ముకుందరావు స్కూటరు స్టార్టు చేసి కూర్చుని ఉన్నాడు.

*

"బయానా తెచ్చారా అమ్మా?" అంది భ్రమరాంబగారు. ఇల్లంతా మూటలే. ప్రయాణానికి సిద్ధంగా ఉంది మనిషి.

కాత్యాయని నేల మీదే కూర్చుని చెప్పింది. జీవాల సంగతి, పిలుపుల సంగతి, దిమ్మెల సంగతి. పసుపు దగ్గరికి వచ్చేసరికి ఆవిడ మొహం ఎర్రబడింది.

"ఏవిటీ? పసుపు ఇంటికి చేటా? ఎక్కడైనా విన్నామా తల్లీ ఇలాంటి మాట? లక్ష్మీదేవిని గుమ్మంలోంచి గెంటెయ్యమంటున్నావు నువ్వు!"

"పసుపు మంచిదే పిన్నిగారూ. ఈ సిమెంటుకి పడదు, అంతే. చెక్క గడప ఒకటి చేయించి పైన బిగించుకోండి. దాని మీద మీ ఇష్టమొచ్చినంత రాసుకోండి. ఈ రెండు గుమ్మాలూ కడిగించి తడుపుతూ ఉంటే బీటలు అవే పూడతాయి. అప్పటిదాకా పైకప్పు కింద కర్రలు నిలబెడదాం. నేనే దగ్గరుండి చేయిస్తాను."

భ్రమరాంబగారు కళ్ళు చిన్నవి చేసి చూసింది. లోకంలో చాలామందికి కొలతలు తీసిన కళ్ళవి. "ఆహా. ఇప్పటికే సగానికి ఇస్తున్నాను. ఇంకా తగ్గించడానికా ఈ ఎత్తు?"

"తగ్గించమనట్లేదండి. అమ్మొద్దంటున్నాను."

"కొనడానికొచ్చి అమ్మొద్దంటుందేవిటయ్యా మీ ఆవిడ?" అని ముకుందరావు వంక తిరిగింది. ఆయన తల దించుకున్నాడు. "ఇదిగో అమ్మాయ్, నేను చదువుకోలేదు. నీ దిమ్మెలూ గిమ్మెలూ నాకు తెలీవు. ఒక్కటే అడుగుతాను. ఇల్లు అంత నిక్షేపంలా ఉంటే, నేను కొన్న ధర పూర్తిగా పెట్టి నువ్వు కొంటావా? ఇవాళ, ఈ బీటలతోటే, నీ పిల్లని తెచ్చి ఈ గదిలో పడుకోబెడతావా?"

కాత్యాయని మనసులో లెక్క వేసుకుంది. పూర్తి ధర అంటే తన ఒంటి మీది బంగారం, ఆయన భవిష్యనిధి, పైన తీర్చడానికి రిటైరయ్యేదాకా పట్టే అప్పు. అదీ ఈ పొద్దున్నే ఉద్యోగం పోగొట్టుకుని. ఊరంతా సగానికి కూడా వద్దని పారిపోతున్న చోట. కానీ ఆవిడ అడిగింది న్యాయమైన ప్రశ్న. తను నమ్మిందా లేదా అన్నదొక్కటే ప్రశ్న.

"కొంటాను," అంది.

భ్రమరాంబగారి చూపు ముకుందరావు మీదికి వెళ్ళింది. "ఏం బాబూ?"

ముకుందరావు భార్య మొహం వంక చూశాడు. నిన్నటి మైదానంలో మాటలన్నీ ఆయన గొంతు దాకా వచ్చి ఉంటాయి. మింగేశాడు.

"కొంటామండి," అన్నాడు. "ఆవిడ బాగుందంటే బాగున్నట్టే. మా అమ్మాయికి ఆ తూర్పు గది."

భ్రమరాంబగారు లేచింది. వీధి గుమ్మం దగ్గరికి వెళ్ళి, దళసరిగా పేరుకున్న గడప పసుపు మీద ఎడంచెయ్యి వేసింది.

"రోజూ రాశానే," అంది. "పొద్దునొకసారి, సాయంత్రమొకసారి. నా ఇంటికి నా చేత్తోనే..." మాట పూర్తి కాలేదు. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని భోరున ఏడ్చింది. కాత్యాయని లేచి వెళ్ళి పట్టుకుంది. ఆమె కళ్ళూ ఆగలేదు.

ఏడుపయ్యాక ఆవిడ మొహం తుడుచుకుంది. గుమ్మం వంకా, మూటల వంకా, వీళ్ళిద్దరి వంకా మార్చి మార్చి చూసింది. ఏదో లెక్క తేలినట్టు తల ఊపింది.

"అంత పోసి కొంటానంటున్నావంటే ఇంట్లో జబ్బు లేనట్టేగా," అంది. "జబ్బు లేని ఇల్లు నేనెందుకమ్ముతానే పిచ్చిపిల్లా?"

కాత్యాయని చూపు తూర్పు గది వైపు పోయింది.

"కోపం తెచ్చుకోకు. ఇది కుట్టుకుని కుట్టుకుని కొనుక్కున్న ఇల్లు. వీడియోలో కాదు, నా మనవడు ఇక్కడ పాకాలి. ఆగండి, కాఫీ పెడతాను. ఒంటిచేత్తో పెట్టడం వచ్చేసింది." లోపలికి వెళ్ళబోతూనే ఎడంచేత్తో ఒక మూట ముడి విప్పడం మొదలెట్టింది.

కాఫీ తాగి బయటికొచ్చారు. ఎండ మీద పడింది. వీధి పొడుగునా అమ్మకానికి అన్న బోర్డులు, గేటుకొకటి. ముకుందరావు స్కూటరు తాళంచెవి చేతిలో పట్టుకుని, ఎక్కకుండా నిలబడ్డాడు.

"ఉద్యోగం పోయింది," అన్నాడు.

"పోయింది."

"ఇల్లూ పోయింది."

"ఆవిడ నమ్మిందండి," అంది కాత్యాయని. కళ్ళు ఉబ్బి ఉన్నాయి, ముక్కు ఎర్రగా ఉంది, నడుం మాత్రం నిటారుగా ఉంది. "మార్కెట్టు వెనక వాటా ఖాయం చేసేయండి. బీరువా అమ్మేద్దాం. పదండి, ముందు పక్కింటావిడకి చెప్పాలి. ఆవిడ రేపో మాపో సంతకం పెట్టేస్తుందట, ఆ వేరే పేర్లవాళ్ళకి."

"చెబితే ఆవిడా అమ్మదు."

"అమ్మదు."

"ఆ తర్వాతి ఇల్లు?"

"వాళ్ళూ అమ్మరు. ఈ వీధిలో మనకి ఎవరూ అమ్మరు."

ముకుందరావు బోర్డుల వంక ఈ చివర్నుంచి ఆ చివరిదాకా చూశాడు. తర్వాత తాళంచెవి జేబులో వేసుకుని, భార్యకంటే ముందే నాలుగంగల్లో పక్కింటి గేటు తీసి, గంట నొక్కాడు. తలుపు తీసిన ఇల్లాలు బ్రోకరేమో అనుకుని కాగితాలు కూడా చేతిలో పట్టుకునే వచ్చింది.

"అమ్మా, ఆ సంతకం పెట్టకండి," అన్నాడు వ్యాయామం మాస్టారు, మైదానం అవతలికి వినిపించే గొంతుతో. "ముందు ఒక్క బిందెడు నీళ్ళు తెండి. మీ గడప నేను కడుగుతాను."